గొయ్యి పేర్లతో మొదలుపెట్టండి: మాంగనీసు ఊళ్ళ చరిత్ర రాయాలనుకునేవారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరం జిల్లా గరివిడి దగ్గర పుట్టారు, ఉద్యోగం మీద అస్సాంలోని డిగ్బోయ్‌లో నాలుగేళ్ళు ఉన్నారు. అది చిన్న ఊరే. అయినా 1889లో చమురు పడిన మొదటి బావిని జాగ్రత్తగా కాపాడుకున్నారు, అక్కడే మ్యూజియం కట్టుకున్నారు. "మన చీపురుపల్లి, గరివిడి, గర్భాం వైపు మాంగనీసు తవ్వకం కూడా దాదాపు ఆ కాలంలోనే మొదలైంది కదా, మనకి అలాంటి గుర్తు ఎందుకు లేదు? ఎవరైనా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

నేను ఆ గనుల్లో సర్వేయర్‌గా ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేశాను. మా అమ్మ ఆ గనుల్లోనే తట్ట మోసింది. రిటైరయ్యాక పన్నెండేళ్ళ నుంచి ఆ ఊళ్ళు తిరిగి, పనిచేసినవాళ్ళ మాటలు రాసుకుంటున్నాను. ఇప్పటికి పధ్నాలుగు నోటు పుస్తకాలు అయ్యాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు "ఎందుకు లేదు" అన్నదానికి. చమురుకి బావి ఉంటుంది. బావికి నంబరు ఉంటుంది, చమురు పడిన తేదీ ఉంటుంది. డిగ్బోయ్‌లో 1901లో రిఫైనరీ మొదలై ఇప్పటికీ నడుస్తోంది. యాజమాన్యాలు మారినా ఊరికి ఆ ఒక్క గేటే పెద్ద గుర్తు. మన కోనసీమలో పాసర్లపూడి బావి 1995 జనవరి 8న పేలింది, రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట చూసినవాళ్ళకి ఆ తేదీ ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. మాంగనీసు గని అలా కాదు. ఈ ఏడు ఒక పొలం గట్టు పోతుంది, పై ఏడు పక్కనున్న తాడిచెట్లు పోతాయి, పదేళ్ళకి అదో చెరువంత గొయ్యి అవుతుంది. మొదలైన రోజని ఒకటి ఉండదు, ఆగిపోయిన రోజు అంతకన్నా ఉండదు. పని ఆగిందని ఎవరూ చెప్పరు. వానాకాలంలో నీళ్ళు నిండుతాయి, తోడించరు, అంతే. గనులు కూడా ఒకచోట లేవు. కోడూరు, దేవాడ, గరివిడి, గర్భాం, పెరాపి, కొటకర్ర, ఆవగూడెం, రామభద్రపురం... ఒక్కో ఊరి పొలిమేరలో ఒక్కో గొయ్యి, ఒక్కో లీజు. వీటన్నిటికీ కలిపి ఒక గేటు లేదు, ఒక ఫైలు లేదు.

కానీ చరిత్ర తక్కువేమీ కాదు. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1892లో, ఇక్కడ, అప్పటి విశాఖపట్నం జిల్లాలో. కోడూరు పేరు ప్రపంచంలోని భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో ఎక్కింది. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాయిని చూసి దానికి 'కోడూరైట్' అని పేరు పెట్టాడు. 1909లో వెలువడిన ఆయన మాంగనీసు గ్రంథం వెయ్యి పేజీలు పైబడినది. అందులో మన గోతులు ఒక్కొక్కటీ ఊరి పేరుతో సహా ఉన్నాయి. కోడూరులో పుట్టిపెరిగినవాళ్ళలో ఎంతమందికి తమ ఊరి పేరుతో ఒక రాయి ఉందని తెలుసు? నేను అడిగినచోట బడి మాస్టర్లకి కూడా తెలియదు. ఈ ఒక్క సంగతి ఊరి బడి గోడ మీద రాయించినా చాలు, పిల్లలు ఆ నల్లరాయిని వేరేగా చూస్తారు.

ఆ రాయి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఊరి తలరాత అందులోనే ఉంది. కోడూరైట్‌లో గార్నెట్, ఫెల్డ్‌స్పార్‌తో పాటు అపటైట్ అనే ఖనిజం ఉంటుంది. అపటైట్‌లో భాస్వరం ఉంటుంది. అందుకే మన వైపు మాంగనీసులో భాస్వరం పాలు ఎక్కువ. మాంగనీసు ముఖ్యంగా ఉక్కు తయారీకే పోతుంది. ఉక్కులో భాస్వరం చేరితే ఉక్కు పెళుసవుతుంది, కాబట్టి కొనేవాడు ధర కోస్తాడు. 1900 నాటికి నాగపూర్ వైపు తవ్వకాలు మొదలయ్యాయి, అక్కడి సరుకు మనదానికన్నా మేలైనది. దానితో లోకంలో గిరాకీ ఉన్నప్పుడు మన గోతుల్లో పని, గిరాకీ పడిపోతే ముందు మూతపడేవి మనవే. 1905 తర్వాత రష్యాలో అల్లర్ల వల్ల కాకసస్ సరుకు తగ్గి మన దేశపు మాంగనీసు ధర లేచింది. 1929 తర్వాతి మాంద్యంలో మళ్ళీ పడింది. రాయ్‌పూర్ నుంచి విజయనగరం రైలు లైను 1931కి పూర్తయింది, విశాఖ ఓడరేవు 1933లో తెరుచుకుంది. ఆ లైను వేసిందీ రేవు కట్టిందీ ముఖ్యంగా మధ్య పరగణాల, అంటే నాగపూర్, రాయ్‌పూర్ వైపు సరుకు సముద్రానికి చేర్చడానికే. మన విజయనగరం జంక్షను మీదుగానే మనతో పోటీపడే సరుకు రేవుకి వెళ్ళేది. "మా తాత రోజుల్లో ఒక ఏడు పనుంటే రెండేళ్ళు లేదు" అని ముసలివాళ్ళు చెబితే అది సోమరితనం కథ కాదు, భాస్వరం కథ. మీరు రాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే ఒకటి పాఠంలా ఉంటుంది, రెండోది గోడులా ఉంటుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది రాజుగారితోనో కంపెనీతోనో మొదలుపెడతారు. విజయనగరం సంస్థానం, లీజులు, దొరలు, తర్వాత సేట్లు, 1950ల్లో వచ్చిన ఫెర్రో అల్లాయిస్ (ఉక్కులో కలిపే మాంగనీసు లోహం చేసే) కర్మాగారం, శ్రీరామ్‌నగర్ కాలనీ. అవన్నీ రాయాల్సినవే. కానీ అవి కాగితాల్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి, రేపు రాసినా దొరుకుతాయి. రేపటికి దొరకనివి గొయ్యి పేర్లు. అందుకే నా సలహా ఒకటే: గొయ్యి పేర్లతో మొదలుపెట్టండి.

మా ప్లానుల్లో గోతులకి నంబర్లుండేవి. ఒకటి, రెండు, రెండు ఎ, నాలుగు తూర్పు. పనివాళ్ళకి ఆ నంబర్లతో పని లేదు. వాళ్ళకి పనసచెట్టు గొయ్యి, పాము గొయ్యి, మేటు (కూలీల ముఠా పెద్ద) పడిపోయిన గొయ్యి, ఎర్రనీళ్ళ గొయ్యి. ప్రతి పేరు వెనక ఒక సంఘటన ఉంటుంది, ఒక మనిషి ఉంటాడు. నేను ముప్పయ్యొక్క ఏళ్ళలో ఈ పేర్లు విన్నాను గానీ రాసుకోలేదు. ప్లానులో రాయడానికి గడి లేదు కాబట్టి అవి అక్కర్లేనివనుకున్నాను. అది నా తప్పు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒక సంగతి చెబుతాను. ఎనిమిదేళ్ళ కిందట ఒక పెద్దావిడతో పాత గొయ్యి గట్టు మీద నడిచాను. ఆవిడకి డెబ్బై అయిదు దాటాయి, పదమూడో ఏట తట్ట పట్టుకుంది. నేను పక్కన పాత ప్లాను పట్టుకుని, "అమ్మా, ఇది నాలుగో నంబరు కదా" అన్నాను. ఆవిడ ఒక నిమిషం నా వంక చూసి, "నంబరేటి బాబూ, ఇది ఉయ్యాల గొయ్యి" అంది. తూర్పు గట్టున పెద్ద మర్రిచెట్టు ఉండేదట. చంటిపిల్లల తల్లులు పనికొచ్చినప్పుడు పాత చీరలతో ఆ చెట్టు కొమ్మలకి ఉయ్యాలలు కట్టి పిల్లల్ని పడుకోబెట్టేవారు. ఒక్కోరోజు ఏడెనిమిది ఉయ్యాలలు. ఊపడానికి ఒక ఏడేళ్ళ గుంటని, అంటే ఆడపిల్లని, కూర్చోబెట్టేవారు, ఆ గుంటకి అందరూ కలిపి రోజుకి ఇంతని ఇచ్చేవారు. ఉయ్యాల ఊపిన గుంటల్లో తనూ ఒకర్తెనని చెప్పింది. బ్లాస్టింగు టైముకి విజిల్ వేస్తే తల్లులందరూ తట్టలు పడేసి చెట్టు దగ్గరకి పరుగెత్తేవారట.

నేను ప్లాను మడిచేశాను. ఎందుకంటే ఆ చెట్టు నాకు తెలుసు. గొయ్యిని తూర్పుకి పెంచాలన్నప్పుడు గీత గీసింది నేనే. చెట్టు మొదట్లో సున్నం గుర్తు పెట్టించి, పుస్తకంలో 'మర్రిచెట్టు ఒకటి, తొలగించాలి' అని రాశాను. ఆ పుస్తకంలో ఆ చెట్టు గురించి ఉన్న మాట అదొక్కటే. మా అమ్మ నన్ను ఎక్కడ ఉయ్యాల కట్టిందో అడిగి తెలుసుకుందామంటే అప్పటికే ఆమె లేదు.

అప్పటినుంచి ఏ ఊరు వెళ్ళినా మొదటి పని అదే. ఒక పెద్ద చార్టు కాగితం నేల మీద పరుస్తాను. రైలు పట్టాలు, రోడ్డు, చెరువు, అమ్మవారి గుడి ఇంతవరకే నేను గీస్తాను. తర్వాత పెన్సిలు వాళ్ళ చేతికిస్తాను. "గోతులు ఎక్కడెక్కడ, పేర్లేమిటి" అని అడుగుతాను. ఒకరు గీస్తుంటే పక్కవాళ్ళు "కాదు మావా, అది చెరువుకి ఇవతల" అని దిద్దుతారు. ఆ దిద్దుబాట్లన్నీ రాసుకోండి. వాళ్ళు వాదించుకునే చోటే అసలు సమాచారం ఉంటుంది. చదువురాని వాళ్ళు మొదట పెన్సిలు పట్టుకోరు. వాళ్ళకి రాళ్ళు, చింతగింజలు ఇవ్వండి, పెడతారు.

అడిగే తీరు గురించి. మొదట్లో నేను "ఏ సంవత్సరం" అని అడిగేవాణ్ణి. ఎవరూ చెప్పలేకపోయేవారు, పైగా తమకేమీ తెలియదేమోనని చిన్నబుచ్చుకునేవారు. సంవత్సరం అడగకండి. "మొదటి బట్వాడా (కూలి పంపకం) డబ్బులతో ఏం కొన్నారు?" అని అడగండి. ఒకావిడ రెండు జతల గాజులంది, ఒకాయన తండ్రికి చెప్పులన్నాడు, ఇంకొకాయన డబ్బులు మేస్త్రీ అప్పుకింద పట్టేసుకున్నాడన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో కూలి ఎంతో, ఎవరి చేతిమీదుగా వచ్చేదో, అప్పులు ఎలా ఉండేవో అన్నీ బయటికొచ్చాయి. కాలం తేల్చుకోవడానికి వాళ్ళకి తెలిసిన గుర్తులు పట్టుకోండి. జపానువాళ్ళు విశాఖలో బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6. దాన్ని ఇప్పటివాళ్ళు చూసి ఉండరు గానీ "మా అయ్య అప్పుడు గొయ్యిలో ఉన్నాడు" అని చెప్పేవాళ్ళున్నారు. విజయనగరం కొత్త జిల్లాగా పడింది 1979లో. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12. నెల తెలియాలంటే సిరిమానుకి (విజయనగరం పైడితల్లి జాతరకి) ముందా తర్వాతా, గోగునార నానబెట్టే రోజులా, వరికోతలా అని అడగండి. ఖచ్చితంగా చెబుతారు.

ఆడవాళ్ళని విడిగా అడగండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. భర్తో కొడుకో పక్కనుంటే వాళ్ళే జవాబిస్తారు. మన గోతులు పైనుంచి తవ్వేవి, సొరంగాలు కావు. బ్రిటిష్ ప్రభుత్వం 1929లో ఆడవాళ్ళు భూమి లోపల పనిచేయకుండా నిబంధనలు తెచ్చినప్పుడు అవి ఇలాంటి గోతులకి వర్తించలేదు. కాబట్టి మన వైపు రాయి ఏరడం, సుత్తితో కొట్టడం, తట్ట మోయడం తరాల తరబడి ఎక్కువగా ఆడవాళ్ళ పనే. మగవాడు గునపంతో పగలగొడితే, బెంచీ (గొయ్యి గోడలో మెట్టులా వదిలిన చోటు) మీదనుంచి బెంచీ మీదకి ఎక్కి పైకి చేర్చింది ఆడవాళ్ళు. ఒక చిన్న పరీక్ష చేయండి. పిడికిలంత మాంగనీసు రాయి ఒకటి, అంతే ఉన్న మామూలు రాయి ఒకటి రెండు చేతుల్లో పట్టుకోండి. మాంగనీసు దాదాపు ఒకటిన్నర రెట్లు బరువుంటుంది. తట్ట నిండా అదే, రోజంతా అదే. మెత్తటి రకమైతే పట్టుకున్న చెయ్యి మసి పూసినట్టు నల్లబడుతుంది. అరచేతి గీతల్లో దిగిన నలుపు సబ్బుకి పోదు. "పెళ్ళిచూపులప్పుడు చేతులు ఎనక పెట్టుకున్నాను" అని ఒకావిడ చెప్పింది. ఈ మాట ఏ రికార్డులోనూ దొరకదు.

వాళ్ళ మాటని వాళ్ళ యాసలోనే రాయండి. 'ఎల్లిపోనాం', 'ఏటి', 'గుంట' అని వాళ్ళు అంటే అలాగే ఉంచండి. పుస్తక భాషలోకి మారిస్తే మనిషి మాయమైపోతాడు. ఫోనులో రికార్డు చేసేముందు అనుమతి అడగండి, పేరు వేయాలా వద్దా అడగండి. వద్దంటే వేయకండి. ముఖ్యంగా ప్రమాదాలు, కులం, మేస్త్రీల ఆగడాల గురించి చెప్పేటప్పుడు ఇది తప్పదు. ఎవరు ఏ బావిలో నీళ్ళు తోడుకోగలిగేవారు, కంపెనీ క్వార్టర్లు ఎవరికి వచ్చాయి, పాకల్లో ఎవరు ఉండిపోయారు అన్న సంగతులు ఎవరూ తమంత తాముగా చెప్పరు. అడగాలి, అడిగాక ఆగాలి. అవి లేకుండా రాస్తే అది ఊరి చరిత్ర కాదు.

ఆరోగ్యం గురించి కూడా అడగండి. మాంగనీసు దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరిలోకి పోతే నరాల మీద పనిచేస్తుందని 1837లోనే గ్లాస్గోలో కూపర్ అనే డాక్టరు రాశాడు. నడక తడబడటం, ముఖంలో కదలిక తగ్గడం, మాట సన్నబడటం దాని లక్షణాలు. రాయిని పిండి చేసేచోటా కొలిమి దగ్గరా ప్రమాదం ఎక్కువ. మీరు డాక్టరు కాదు కాబట్టి ఫలానావాళ్ళకి ఫలానా జబ్బని రాయకండి. "ఆయన చివర్లో ముందుకి తూలుతూ నడిచేవాడు" అని ఇంట్లోవాళ్ళు చెబితే అది యథాతథంగా రాయండి, ఎన్నేళ్ళు ఏ పని చేశాడో పక్కన రాయండి. అలాంటివి పది పోగైతే తెలిసినవాళ్ళు చూసి చెబుతారు.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ చాలామంది ఒక చిన్న విషయం తెలియక ఏళ్ళు పోగొట్టుకుంటారు. మన చీపురుపల్లి తాలూకా మూడు జిల్లాలు మారింది. 1950 ఆగస్టు 15 దాకా విశాఖపట్నం జిల్లా, అక్కడినుంచి 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా. మీ ఊరు ఇప్పుడు విజయనగరంలో ఉంది కదా అని విజయనగరం పేరు మీద వెతికితే మధ్యలో ముప్పై ఏళ్ళు గల్లంతవుతాయి. 1951, 1961, 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు శ్రీకాకుళం పేరుతో ఉంటాయి, 1981ది విజయనగరం పేరుతో. అంతకుముందు లెక్కలు విశాఖపట్నం పేరుతో. 1953 వరకు మనం మద్రాసు రాష్ట్రం కాబట్టి పాత ప్రభుత్వ ఫైళ్ళు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. ఇంగ్లీషులో వెతికేటప్పుడు పాత స్పెల్లింగులు వాడండి. విశాఖపట్నాన్ని 'విజగపటం' అనీ, విజయనగరాన్ని 'విజియనగ్రం' అనీ రాసేవారు. ఈ తేడా పట్టుకున్న రోజున నాకు ఒకే సాయంత్రం నలభై పేజీలు దొరికాయి.

1907లో ఫ్రాన్సిస్ అనే అధికారి రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు (జిల్లా వివరాల పుస్తకం) చదవండి, పాత జిల్లా మొత్తం కళ్ళకి కడుతుంది. ఫెర్మోర్ గ్రంథంలో గొయ్యి కొలతలు, రాయి రకాలు ఉంటాయి. కానీ రెండూ దొరల కళ్ళతో చూసినవి. కూలివాళ్ళు వాటిలో అంకెలుగానే వస్తారు. గనుల చట్టం 1901లో వచ్చింది, ఆ తర్వాత గనుల తనిఖీ అధికారులు ఏటా నివేదికలు వేసేవారు. వాటిలో చావుల లెక్కలు, కొన్ని ప్రమాదాలు ఎలా జరిగాయో వివరాలు ఉంటాయి. మట్టిపెళ్ళ విరిగిపడి, పేలుడుమందు తూటా ఆలస్యంగా పేలి. ఊళ్ళో 'మేటు పడిపోయిన గొయ్యి' అని ఒక పేరు విన్నాక ఆ నివేదికల్లో వెతికితే దాని తేదీ దొరికే అవకాశం ఉంది. నాకు ఒక్కటి అలా దొరికింది. ఆ కుటుంబానికి తీసుకెళ్ళి చూపిస్తే మనవడు ఆ పేజీకి ఫొటో తీసుకుని తాత ఫొటో పక్కన అంటించుకున్నాడు.

రెవెన్యూ వైపు సర్వే నంబర్లు పట్టుకోండి. ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం), పాత అడంగల్ (ఏ పొలం ఎవరిది, ఏం పండింది అని రాసే ఊరి లెక్క) చూస్తే ఏ పొలం ఎప్పుడు గనిగా మారిందో, ఏది పోరంబోకు అయిందో తెలుస్తుంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు లీజుల వ్యవహారం సంస్థానంతో, తర్వాత ప్రభుత్వంతో. అందుకని ఆ గీతకి అటూ ఇటూ కాగితాలు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఇప్పటికీ పని జరిగే చోట్లున్నాయి. గర్భాంలో విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత మాంగనీసు గని ఉంది. పాతది ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇప్పుడు నడిచే గని చూడటం మంచిది, గేటు దగ్గర అడిగి వెళ్ళండి.

కాగితాల విషయంలో తొందరపడమని చెప్పేది ఎందుకంటే, ఒకచోట నా కళ్ళముందే జరిగింది. ఒక గని ఆఫీసు మూసేసేటప్పుడు హాజరు పట్టీలు, బట్వాడా రిజిస్టర్లు బస్తాలకెత్తి పాత కాగితాలవాడికి కిలోల లెక్కన వేశారు. నేను వెళ్ళేసరికి ఆటో కదిలిపోయింది. కింద పడిన ఒక రిజిస్టరు మాత్రం దొరికింది. సగం చెదలు తినేసింది. అందులో నూట అరవై మంది పేర్లు, ఎదురుగా వేలిముద్రలు. వేలిముద్రలన్నీ సిరావి, కానీ కొన్నిచోట్ల అరచేతి అంచు తగిలి నల్లటి మరక పడి ఉంది. అది మాంగనీసే. మీ ఊళ్ళో ఎవరింట్లోనైనా రిజిస్టరో, ఇత్తడి టోకెనో, పాత జీతం చీటీయో, గ్రూపు ఫొటోయో ఉంటే అడిగి పట్టుకెళ్ళకండి. అక్కడే ఫోనుతో పగటి వెలుతురులో ఫొటో తీసి, వెనకవైపు కూడా తీసి, వాళ్ళది వాళ్ళకే ఇచ్చేయండి. పట్టుకెళ్ళినవాళ్ళు తిరిగివ్వకపోవడం వల్ల చాలా ఇళ్ళల్లో ఇప్పుడు బయటికి తీయడం లేదు.

కథల్నీ వదలకండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. పాత పత్రికల్లో అచ్చయిన కథలు అక్కడ చూడొచ్చు. మన వైపు కూలి, వలస, పల్లెబతుకు మీద ఉత్తరాంధ్ర రచయితలు రాసినన్ని కథలు చరిత్రకారులు రాయలేదు. కథని సాక్ష్యంగా తీసుకోలేం గానీ, ఏ ప్రశ్న అడగాలో అది నేర్పుతుంది.

ఇంకొక మాట. సమాచారం ఉన్నవాళ్ళలో సగంమంది ఇప్పుడు ఊళ్ళో లేరు. పని ఆగినప్పుడల్లా మన జనం బయటికి పోయారు. విశాఖ, హైదరాబాదు, ఇంకా దూరం. నా పధ్నాలుగు పుస్తకాల్లో నాలుగు ఫోను మీద రాసుకున్నవే. సంక్రాంతికి అందరూ ఊరొస్తారు. కనుమ మర్నాడు రామాలయం అరుగు మీద ఆ చార్టు కాగితం పరిచి కూర్చోండి. పిలవక్కర్లేదు, వాళ్ళే వస్తారు. పిల్లలు కూడా వస్తారు, వాళ్ళని దూరం తోలకండి. నేను గీయించిన పటాల్లో ఒకదాని మీద గొయ్యి పేర్లు రాసింది ఏడో తరగతి చదివే అమ్మాయి. వాళ్ళ మామ్మ చెబుతుంటే రాసింది.

ఎన్ని దొరికితే పుస్తకం వేయాలి అనుకుంటూ ఆగకండి. పుస్తకం తర్వాత సంగతి. ఒక్క గొయ్యి పేరు, అది ఎక్కడుందో, ఆ పేరు ఎందుకొచ్చిందో, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో. ఇంత రాసి రెండు చోట్ల దాచండి. ఒకటి మీ దగ్గర, రెండోది ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో. ఫోనులో ఉన్నది మూడోదిగా లెక్కపెట్టుకోండి, మొదటిదిగా కాదు.

మీరు ఈ ఏడు సెలవుకి వస్తే వైశాఖంలో రండి. ఎండ దంచేస్తుంది గానీ గోతుల్లో నీళ్ళు దిగుతాయి. నీళ్ళు దిగితే పాత బెంచీలు మెట్లు మెట్లుగా బయటపడతాయి, ఆడవాళ్ళు ఎక్కిన దారి అరిగి నున్నగా కనబడుతుంది. ఒడ్డుకి మరీ దగ్గరగా వెళ్ళకండి, మట్టి వదులుగా ఉంటుంది. పొద్దున్నే, ఎండ ముదరకముందు, అక్కడ పనిచేసిన ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని గట్టు మీద నిలబడి, "ఇదేం గొయ్యమ్మా?" అని అడగండి. ఉయ్యాల గొయ్యి ఎక్కడుందో నేను వచ్చి చూపిస్తాను.